నీళ్లు రాకముందే రాసుకుందాం

 

తవ్వకాలంటే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది లంకెబిందెలు. నాగార్జునకొండ లోయలో దొరికిన సంపద వేరు. ఆ కథ చెప్పడానికే వచ్చాం.

1926. నల్లమల కొండల నడుమ, కృష్ణ ఒడ్డున ఒక పాత రాతి స్తంభం కనిపించింది. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు చూసి ఊరుకోలేదు. మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల శాఖ నుంచి సరస్వతి గారు వచ్చి చూశారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించారు. స్తూపాలు, విహారాలు, బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదేనని తేలింది. ఇదంతా ఒక పంతులు కబురు పంపడంతో మొదలైంది.

తర్వాత సాగర్ డ్యామ్ వచ్చింది. లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 వరకు మళ్లీ తవ్వారు. ఇక్ష్వాకుల కంటే ఎంతో ముందటి రాతి పనిముట్లు, పెద్ద రాళ్ల సమాధులు కూడా దొరికాయి. అంటే రాజులు రాకముందే అక్కడ మనుషులు బతికారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదా, ఒడ్డు మీదా తిరిగి కట్టారు. రాళ్లు ఒడ్డెక్కాయి. లోయలోని ఊళ్లు మునిగాయి. తవ్వించిన అధికారుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. గడ్డపార పట్టినవాళ్ల పేర్లు మనదాకా రాలేదు.

ఇప్పుడు మన గోదారి సంగతి చూడండి. పోలవరం కింద దేవీపట్నం, వేలేరుపాడు వైపు మన కోయ, కొండరెడ్డి గూడేలు ఖాళీ అవుతున్నాయి. గుడిని, బడిని వేరేచోట కట్టిస్తారేమో. వాగు పేరు, గట్టు పేరు, వేల్పు కొలువున్న చెట్టు కథ ఎవరు మోసుకెళ్తారు? అవి తాతల నోట్లో ఉన్నాయి. తాతతోపాటే పోతాయి.

అందుకే మిమ్మల్ని అడిగేది రెండే. జానంపేట రాకాసి గుళ్ల లాంటివి ఎక్కడ కనిపించినా గడ్డపార వేయకండి. కదిలించిన కుండపెంకు తన కథ చెప్పలేదు. ఉన్నదున్నట్టు ఫోటో తీసి, చోటు రాసుకుని, పురావస్తు శాఖకు తెలియజేయండి.

రెండోది, ఈ సెలవుల్లో మీ అవ్వ పక్కన కూర్చోండి. ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేయండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ తప్పక రాయండి. ఈసారి మనవాళ్ల పేర్లు పోకూడదు.

సెలవు. జై సేవా.