బొమ్మ గ్రంథాలయానిది, మాట మనది

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



గ్రంథాలయం అనగానే మనకు గోడ మీద ‘నిశ్శబ్దం’ అని రాసి ఉన్న బోర్డూ, పొడుగాటి బల్ల మీద వార్తాపత్రికలూ గుర్తుకొస్తాయి. అక్కడికి వెళ్ళేది ఎక్కువగా రిటైరయిన పెద్దవాళ్ళూ, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రకారూను. ఇంటి పనితో తీరిక లేని ఇల్లాలికీ, ఇంకా బళ్ళో వెయ్యని పసివాడికీ అక్కడేం పని అనుకుంటాం. మరి గ్రంథాలయమే మన ఇంటికి వచ్చి, బొమ్మ చూపించి, కథ చెబితే? ఈవేళ ఆ సంగతే మీతో ముచ్చటించాలని వచ్చాను.

బొమ్మ చూపి కథ చెప్పడం మనకు కొత్తేమీ కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడుగాటి గుడ్డ మీద వరసలు వరసలుగా బొమ్మలు వేసేవారు. కథకులు ఆ పటాన్ని ఊళ్ళో వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ కథ నడిపేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పింది ఇలాగే. అక్షరం రానివాళ్ళకు ఆ పటమే పుస్తకం.

ఇలాంటి పనినే సముద్రాల కవతల ఒక ప్రజా గ్రంథాలయం నూరేళ్ళకు పైగా చేస్తోంది. అదే న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ. కొడుకులూ కూతుళ్ళూ అమెరికాలో ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, ఆ పేరు వినే ఉంటారు. 1895లో ఏర్పడిన ఆ సంస్థకు నగరంలో సుమారు 90 శాఖలున్నాయి. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, కొవ్వొత్తి వెలిగించి కథ చెప్పడం అక్కడ పాత ఆచారం. కథ అయ్యాక ఒక పిల్ల మనసులో ఏదో కోరుకుని ఆ కొవ్వొత్తి ఆర్పేది.

1921లో ఆ గ్రంథాలయంలో పూరా బెల్‌ప్రే అనే యువతి ఉద్యోగంలో చేరింది. ఆమెది ప్యూర్టోరికో ద్వీపం, మాతృభాష స్పానిష్. అలమారాలన్నీ వెతికినా తన చిన్నతనంలో విన్న కథ ఒక్కటీ ఆమెకు కనబడలేదట. ఊరుకోలేదు. వాళ్ళ అమ్మమ్మ చెప్పిన బొద్దింక, ఎలుక పెళ్ళి కథను పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. బొద్దింక మార్టినా, ఎలుక పెరెజ్. తోలుబొమ్మలవంటి బొమ్మలు తయారుచేసి ఆడించింది. ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి కథాకాలక్షేపం నడిపింది. ఆ కథ 1932లో పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు ఆమె పేరు మీదనే అమెరికాలో పిల్లల పుస్తకాలకు బహుమతి ఇస్తున్నారు. చూశారా, వంటింటి గడపలో కూర్చుని ఒక ముసలమ్మ చెప్పిన కథ ఎంత దూరం వెళ్ళిందో!

ఇక బొమ్మల సంగతి. ఆ గ్రంథాలయంలో 1915 నుంచీ బొమ్మల విభాగం ఒకటుంది. పాత పుస్తకాల్లోంచీ పత్రికల్లోంచీ బొమ్మలు కత్తిరించి, విషయాల వారీగా కవర్లలో పెట్టి, పుస్తకాల మాదిరిగానే ఇంటికి అరువిస్తారు. గొడుగులు కావాలా, గొడుగుల కవరు తియ్యండి. రోమానా జావిట్జ్ అనే ఆవిడ 1929 నుంచి 1968 దాకా దాన్ని నడిపింది. ఇవాళ అందులో పది లక్షలకు పైగా బొమ్మలున్నాయి. దర్జీలూ, నాటకాల వాళ్ళూ, ప్రకటనలు తయారుచేసేవాళ్ళూ, యాండీ వార్హోల్ వంటి పేరుపడ్డ చిత్రకారులూ అక్కడికి వెళ్ళి వెతుక్కున్నవాళ్ళే.

ఇప్పుడు ఇంటర్నెట్ వచ్చింది కనుక, ఇదంతా చూడటానికి విమానం ఎక్కనక్కర్లేదు. 2016 జనవరిలో ఆ గ్రంథాలయం తన దగ్గరున్న పాత చిత్రాలూ, ఫొటోలూ, పటాలూ లక్షా ఎనభై వేలకు పైగా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చునని ప్రకటించింది. అనుమతి అడగక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. 2020 మార్చిలో కరోనా వల్ల శాఖలన్నీ మూతపడ్డప్పుడు లైబ్రేరియన్లు తమ ఇళ్ళల్లోనే కెమెరా ముందు కూర్చుని బొమ్మల పుస్తకాలు చదివి వినిపించారు. ఇలా చదవడానికి ప్రచురణకర్తల అనుమతి కావాలి. ఆ కష్టకాలంలో చాలామంది ప్రచురణకర్తలు ఆ నిబంధన సడలించారు. ఈ-పుస్తకాలు అరువు తీసుకునే కార్డు మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవారికీ, అక్కడ చదువుకునేవారికీ, పనిచేసేవారికీ ఇస్తారు. మీ పిల్లలు అక్కడుంటే కార్డు తీసుకున్నారో లేదో ఈసారి ఫోనులో అడగండి.

“అదంతా బాగానే ఉందమ్మా, పిల్లలు ఇప్పటికే ఫోనుకు అతుక్కుపోయి ఉన్నారు, మళ్ళీ ఇదొకటా?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తెర మీద కథ దానంతటదే సాగిపోతుంది. పిల్లవాడు “ఎందుకు?” అంటే అది ఆగదు. మధ్యలో నిద్ర ముంచుకొస్తే దుప్పటి కప్పదు. అందుకని నేను చెప్పేదొకటే: బొమ్మ గ్రంథాలయం దగ్గర తీసుకుందాం, మాట మాత్రం మన నోటితో చెబుదాం. అయిదు నిమిషాలు చూపించి తెర ఆపెయ్యండి. ఆ తర్వాత పావుగంట మీదీ, పిల్లలదీ.

ఎలాగో రెండు ఉదాహరణలు చెబుతాను.

ఆ గ్రంథాలయంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు అరువు వెళ్ళిన పుస్తకం ఏదని 2020లో లెక్క తీశారు. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో రాసి, బొమ్మలు కూర్చిన ‘ది స్నోయీ డే’ అనే పిల్లల పుస్తకమని తేలింది. మొత్తం 4,85,583 సార్లు! మంచు పడ్డ రోజు పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు ఎర్ర కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళడమే అందులో కథ. ఆ బొమ్మలు చాలావరకు రంగు కాగితాలు కత్తిరించి అంటించినవి. తల్లి గౌను ఆయిల్‌క్లాత్ ముక్క. మంచు రేకులు రబ్బరు ముక్కలతో చేసిన అచ్చులు. రాత్రి గోడ మీది చుక్కలు పళ్ళ బ్రష్షుతో చిమ్మిన సిరా. ఇవన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే కదూ! పాత పళ్ళ బ్రష్షు, కాస్త నీలిమందు, బెండకాయ ముక్క, గాజుల పెట్టె అట్ట. మనకు మంచు పడదు కనుక వాన కథ చెప్పుకోండి. వాకిట్లో నీళ్ళు, కాగితం పడవ, తడిసిన చెప్పులు. బెండకాయ అచ్చు వేస్తే పువ్వులు సిద్ధం. పిల్లవాడు అంటించిన ప్రతి ముక్కకూ కథలో ఒక వాక్యం చెప్పించండి.

రెండోది ఆనా ఆట్కిన్స్ అనే ఇంగ్లీషు స్త్రీ పని. 1843లో ఆమె సముద్రపు పాచి మొక్కల్ని మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి, నీలి రంగులో తెల్లటి ఆకారాలు తీసింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకంగా దాన్ని చెబుతారు. ఆ గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని ఇంటర్నెట్‌లో పెట్టింది. ముందు ఆ నీలి బొమ్మలు పిల్లలకు చూపించండి. తర్వాత డాబా మీద ముదురు రంగు కాగితం పరిచి, పైన వేపరెమ్మో, తమలపాకో పెట్టి, ఎగిరిపోకుండా గాజు పలక ఉంచండి. రెండు మూడు రోజుల ఎండకు చుట్టూ రంగు వెలిసి, ఆకు నీడ మాత్రం నిలుస్తుంది. ఆ ఆకు ఏ చెట్టుదో, ఆ చెట్టు కింద ఏం జరిగిందో కథ పిల్లలే చెబుతారు.

తెలుగు పుస్తకాలే కావాలంటే, ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మలతో ఉన్న తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. మనవలు దూరదేశంలో ఉంటే వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే పుస్తకం తెరిచి, ఒక పేజీ బామ్మ, ఒక పేజీ మనవడు చదవవచ్చు. “బాగున్నావా, తిన్నావా” దాటి ముందుకు సాగని మాటలు అప్పుడు సాగుతాయి. తెలుగు కూడా నిలుస్తుంది.

గ్రంథాలయం చెప్పిందల్లా వేదమని మాత్రం అనుకోకండి. ‘గుడ్‌నైట్ మూన్’ అనే పిల్లల పుస్తకం 1947లో వచ్చింది. న్యూయార్క్ లైబ్రరీలో అంతకుముందు పిల్లల పుస్తకాలకు పెద్దగా పనిచేసిన ఆవిడకు అది నచ్చలేదు. 1972 దాకా ఆ గ్రంథాలయం దాన్ని అలమారాలోకి రానివ్వలేదు! తల్లులు మాత్రం దాన్ని కొనుక్కుని చదువుతూనే ఉన్నారు. అలాగే 2021లో, ఇందాక చెప్పిన బొమ్మల కవర్లను జనానికి అందకుండా లోపల భద్రపరచాలని తలపెట్టారు. చిత్రకారులూ, పాఠకులూ ఒప్పుకోలేదు. కంప్యూటరులో వెతికితే అడిగిందే దొరుకుతుంది, చేత్తో తిరగేస్తే అడగనిది కూడా దొరుకుతుందని వాళ్ళ వాదన. చివరికి గ్రంథాలయం ఆ ఆలోచన మానుకుంది. కొత్తిమీర కొనడానికి బజారుకెళ్ళి, లేత చింతచిగురు చూసి తెచ్చుకునే మనకు ఆ మాట వేరే చెప్పాలా?

చివరగా ఒక మనవి. మనం కట్టే ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. అంటే మన పేటలో ఉన్న శాఖా గ్రంథాలయం మన సొమ్ముతో నడిచేదే. నలుగురు ఇల్లాళ్ళు కలిసి వెళ్ళి, వారానికొక గంట పిల్లల బొమ్మల కథలకు ఇమ్మని అడగండి. కథ చెప్పడానికి మనిషి లేరంటే, “మేమున్నాం” అనండి. ఆ గంటను ఫోనులో కూడా ప్రసారం చేస్తే, ఇల్లు కదలలేని బాలింతా, మంచం మీదున్న ముసలమ్మా కూడా వింటారు.

పెద్ద చదువులు అక్కర్లేదు. మెట్రిక్ దాకా చదివిన నాకు మా అమ్మమ్మ చెప్పిన కథలు ఓ పాతిక వచ్చు. మీకూ వచ్చే ఉంటాయి. అవి మనతోనే పోనివ్వకండి.

సెలవు.