పాత కారు — పసుపు దీపము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్యములు, పాటలు వినుటకై కూడిన సభలో కారు మరమ్మతును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నేల కోరిరో మీలో కొందరికి వింతగా తోచవచ్చును. నేను ఇంజనీరును గాను. బి.ఏ.లో చరిత్రయు తెలుగును చదివి, ఇరువదియేండ్లుగా సచివాలయమున ఫైళ్లు చూచుచున్నవాడను. మా పాత కారు నాకు పెట్టిన పరీక్షను రెండు మూడు మార్లు టీ వేళ మిత్రులకు చెప్పుకొంటిని. ఆ పాపమే నన్నీ వేదిక నెక్కించినది.

మా బండి 2014వ సంవత్సరపుది, పెట్రోలుది, బి.యస్.-4 తరగతికి చెందినది. ఢిల్లీలో బండికి కూడ ఉద్యోగివలె పదవీ విరమణ వయస్సున్నది. పదియేండ్లు దాటిన డీజిలు బండ్లును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లును రాజధాని ప్రాంతమున నడువరాదని 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించినది. 2025లో ఆ విషయము మరల కోర్టు ముందుకు వచ్చి కొన్ని మార్పులు పొందినది. ఆ చర్చ నాకు వలదు. 2018 నాటి లెక్కనే చూచినను మా బండికి 2029 దాక ఆయువున్నది. మా అమ్మగారిని వారమునకు రెండుమార్లు, తెల్లవారుజామున ఐదున్నరకే, డయాలిసిస్‌కు తీసికొనిపోవునది ఆ బండియే. మంచులో ఆ వేళ టాక్సీవాడు వచ్చిననాడు వచ్చును, లేనినాడు లేదు.

అట్టి డిసెంబరు ఉదయమున, సగము దారిలో, ఎదుటి పలకమీద ఇంజను బొమ్మగల పసుపు దీపము వెలిగినది.

ఈ దీపమునకొక చరిత్ర కలదు. మన ఢిల్లీవలెనే పొగమంచుతో ఉక్కిరిబిక్కిరియైన కాలిఫోర్నియా రాష్ట్రము, బండి తన లోపమును తానే కనిపెట్టి డ్రైవరుకు చెప్పవలెనని 1988 మాడళ్లనుండి నిబంధన చేసినది. 1996 నుండి అమెరికా యంతటను ఒకే పద్ధతి, ఒకే పదునారు పిన్నుల సాకెట్టు వచ్చినవి. మన దేశమున 2010 ఏప్రిలులో తొలిదశయు, 2013 ఏప్రిలులో రెండవదశయు అమలైనవి. కనుక 2013 తరువాతి మీ కారులో స్టీరింగు క్రింద, మోకాలికి తగులునంత దూరమున, ఆ సాకెట్టు ఉండును. దానికి తగిలించు చిన్న రీడరు కొద్ది వందల రూపాయలకే దొరకును. చేతిలోని ఫోనులో కోడు కనబడును.

మా బండి చూపిన కోడు పి 0135. ఇది మన ఫైలు నంబరు వంటిదే. మొదటి అక్షరము శాఖ: పి యనగా ఇంజను, గేరుల శాఖ, బి బాడీ, సి బ్రేకులు మొదలగు ఛాసిస్ భాగములు, యు లోపలి కంప్యూటర్ల సంభాషణ. తరువాతి సున్న, అది అన్ని కంపెనీలకు ఉమ్మడి కోడని తెలుపును. దాని తరువాతి అంకె సెక్షను: ఒకటి, రెండు అయినచో గాలి, పెట్రోలు, మూడు అయినచో నిప్పురవ్వ, నాలుగు అయినచో పొగ శుద్ధి.

ఒక పాలు పెట్రోలు చక్కగా కాలుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఆ పాళ్లు కుదిరినవో లేదో పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు చెప్పును. అది బాగుగా వేడెక్కినగాని పనిలో దిగదు. అందుకై దాని కడుపులోనే చిన్న హీటరు నుంచిరి. హీటరు పనిచేయనిచో, చలిలో సెన్సరు మేల్కొను వరకు కంప్యూటరు అంచనామీదనే పెట్రోలు పోయుచుండును. మైలేజి తగ్గును, పొగ పెరుగును.

నేను నమ్ముకొన్న మెకానిక్కు కోడు చూచి, "సెన్సర్ గయా, సాబ్‌జీ" అని ఒక్కమాటలో తేల్చినాడు. కొత్త సెన్సరు వేసి ఆరువేల చిల్లర పుచ్చుకొని దీపమార్పినాడు. నాలుగవనాడు దీపము మరల వెలిగినది. ఈమారు, "కంప్యూటరే పోయినది, ఇరువదివేలు పెట్టుడు, లేదా బండి అమ్మివేయుడు" అన్నాడు. ఆ మాట విని మా అమ్మగారు, "నాకోసం ఇంత తగలేయకు నాయనా, మెట్రోలో పోదాంలే" అన్నారు. డయాలిసిస్ ముగిసిన మనిషి మెట్రో మెట్లెట్లు ఎక్కును? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక ఆ కోడు వివరణను మరల చదివితిని. అందు "ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్ మాల్‌ఫంక్షన్" అని యున్నది. సెన్సరు చెడినదని ఎక్కడను లేదు! సర్క్యూట్ అను మాటను మేమిద్దరమును దాటవేసితిమి. సర్క్యూట్ అనగా ఫ్యూజు, తీగ, కనెక్టరు, హీటరు, కంప్యూటరు కలిసిన దారి యంతయు. ఆఫీసులో వచ్చిన అర్జీని చదువకయే ఉత్తర్వు వ్రాసిన సెక్షన్ ఆఫీసరును నేనెన్నిమార్లు మందలించితినో! ఇంటిలో నేను చేసిన పనియు అదియే.

ఆదివారము మా కాలనీ ప్రక్కనున్న వృద్ధ ఆటో ఎలక్ట్రీషియనును పిలిచితిని. ఆయన వస్తువులేవియు మార్చలేదు, మీటరు తీసినాడు. డిక్కీలో పడియున్న పాత సెన్సరు హీటరు రెండు కొసలమధ్య నిరోధమును కొలిచినాడు. మాన్యువలులో చెప్పిన హద్దులలోనే యున్నది. అనగా నేను పారవేయ దలచినది నిక్షేపమైన సెన్సరు. తరువాత బండిని నడిపించి, హీటరుకు వచ్చు తీగవద్ద కొలువగా, పండ్రెండు వోల్టులకు పైన ఉండవలసినచోట సున్న. ఫ్యూజు బాగుగనే యున్నది. ఇక మిగిలినది నడుమ తీగ. ఇంజను చల్లారనిచ్చి, ఆయన తీగల కట్టను వ్రేళ్లతో తడవుచు వెనుకకు పోయి, ఒకచోట ఆగి, నవ్వినాడు.

అచ్చట వేరుశెనగ తొక్కలు, రజాయి దూది, చక్కగా కొరికిన తీగ. చలికాలమున వెచ్చని ఇంజనును ఇల్లుగా చేసికొన్న ఎలుకగారి సంసారము! టంకము వేసి, తొడుగు తొడిగి, తీగను వేడి గొట్టమునకు దూరముగా కట్టినాడు. మూడువందలడిగినాడు, ఐదువందలిచ్చితిని. దీపము మరల వెలుగలేదు.

మరి రెండు మూడు సంగతులు త్వరగా చెప్పెదను. పి 0301 వచ్చినచో మొదటి సిలిండరు సరిగా మండుట లేదని అర్థము. ఒక్కొక్క సిలిండరుకు వేరు కాయిలున్న బండియైనచో, కొత్తది కొనక ముందు మొదటి కాయిలును మూడవదానికిని, మూడవదానిని మొదటిదానికిని మార్చి నడిపి చూడుడు. కోడు 0303గా మారినచో దోషి కాయిలే. మారనిచో ప్లగ్గునో ఇంజెక్టరునో అనుమానింపుడు. పి 0420 అనగానే కొందరు కాటలిటిక్ కన్వర్టరు మార్చమందురు. అందు ప్లాటినము, పల్లాడియము, రోడియము ఉండుటచే దాని వెల గుండె నాపును. పొగగొట్టమున చీలిక, సిలిండరు లోపము లేవని తేలినగాని చెక్కు వ్రాయకుడు. దీపము నిలుకడగా కాక మినుకుమినుకుమనుచున్నచో మాత్రము ఆలస్యము వలదు. మండని పెట్రోలు పోయి కన్వర్టరును కాల్చుచున్నదన్నమాట. ఎఱ్ఱని నూనె దీపము వేరు. అది వెలిగిన మరుక్షణమే ఇంజను ఆపవలెను.

బదిలీలమీద వచ్చి పాత కారు కొనుచున్న యువ మిత్రులారా, తాళము త్రిప్పగానే ఈ పసుపు దీపము వెలిగి, ఇంజను నడువగానే ఆరవలెను. మొదటనే వెలుగకున్నచో ఎవరో దాని కన్ను పొడిచిరని గ్రహింపుడు. బేరము కుదురుటకు ముందునాడే కోడులు చెరిపివేయు వర్తకులును కలరు; చెరిపినచో లోపము పుట్టిననాటి వేగము, వేడిమి మొదలగు లెక్కలు కూడ పోవును, స్వీయ పరీక్షలు పూర్తికాలేదని రీడరులో కనబడును. కనుక రీడరును జేబులో వేసికొనియే పొండు. మీ బండియందైనను, కోడును వ్రాసికొనకుండ చెరుపకుడు.

మా అమ్మగారిప్పుడు రాత్రులు బండి క్రింద తానే బోను పెట్టించుచున్నారు. ఇంతవరకు రెండు పడినవి. బయట నిలిపిన మీ బండ్లలో దేనికైనను ఆ దీపము వెలుగుచున్నచో, భోజనములకు ముందే చూచెదము. రీడరు నా సంచిలోనే యున్నది.