పేగు అతుకు, కీమో వేళ

జనవరి 12 కీమో మందుల తొలి కథలో పాత్ర ఉన్న శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు జయంతి. ఈ సందర్భంగా, పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఇళ్లలో తరచు వినిపించే ఒక భయం గురించి మాట్లాడతాను. కీమో, అంటే క్యాన్సర్ కణాలను దెబ్బతీసే మందు ఎక్కిస్తే లోపలి కుట్లు మానవని చాలామంది నమ్ముతారు. అందులో నిజం లేకపోలేదు. అయితే గాయానికి చేటు మందు పేరులో కన్నా, దాన్ని ఇచ్చే వేళలో ఎక్కువ ఉందని నా వాదన.

ఈ మందులు ఏం చేస్తాయో తెలియాలంటే ముందు వాటి కథ చూడాలి. 1943లో ఇటలీలోని బారి రేవులో మస్టర్డ్ గ్యాస్ మోసుకొచ్చిన ఓడ పేలడంతోనే కీమో కథ మొదలైందని తరచు రాస్తుంటారు. కానీ అంతకు ఏడాది ముందే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్‌ల బృందం ఆ గ్యాస్‌కు దగ్గరి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను క్యాన్సర్ రోగికి ఇచ్చి చూసింది. నాకు అంతకన్నా ఇష్టమైన ఘట్టం మరొకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. ఆయన సారథ్యంలోనే అక్కడ ఫోలిక్ ఆమ్లం తయారైంది. ఆ కుటుంబానికి చెందిన పదార్థాలు ఇస్తే లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు మరింత ముదురుతున్నట్టు బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. ఇస్తే పెరిగేది, అందకుండా చేస్తే తగ్గాలి కదా! అలా అడ్డుకునే పదార్థాలను సుబ్బారావు బృందమే ఆయనకు అందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో జబ్బు కొంతకాలమైనా తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి; అమినోప్టెరిన్ అడ్డుకునేది ఆ ఆమ్లాన్నే. పేగు క్యాన్సర్‌కు నేటికీ ముఖ్యమైన ఫ్లోరోయురాసిల్‌ను 1957లో విస్కాన్సిన్‌లో హైడెల్‌బర్గర్ బృందం వెలుగులోకి తెచ్చింది. అదీ డీఎన్‌ఏ తయారీనే దెబ్బతీస్తుంది. దాని పట్టు పెంచడానికి ఫోలిక్ ఆమ్ల కుటుంబానికే చెందిన ల్యూకోవొరిన్‌ను జతగా ఇస్తారు.

కుట్లు మానవన్న భయానికి మూలం కూడా ఇలా కణాల విభజనను ఆపడంలోనే ఉంది. కోసిన పేగును కలిపి కుట్టాక మొదటి కొద్ది రోజులు దాన్ని పట్టి ఉంచేది కుట్లే. కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో పాతది కరుగుతూ ఉంటుంది, కొత్తది ఇంకా చాలినంత పుట్టదు. అందుకే మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా అతుకు బాగా బలహీనంగా ఉంటుంది. ఆ తర్వాత ఫైబ్రోబ్లాస్టులనే కణాలు పెరిగి కొత్త కొల్లాజెన్‌తో అతుకును గట్టి చేస్తాయి. విభజనను ఆపే మందుకు క్యాన్సర్ కణం వేరు, గాయం మాన్పే కణం వేరు అన్న విచక్షణ లేదు. ఆపరేషన్ అయిన వెంటనే ఎలుకల పొట్టలోకి ఫ్లోరోయురాసిల్ ఎక్కించిన ప్రయోగాల్లో అతుకు బలం తగ్గింది. కానీ మనుషులకు ఆ వేళలో ఇవ్వరు. గాయం కుదుటపడ్డాక, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతారు.

ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తే ముప్పు కాదా అని అడగవచ్చు. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో 1,053 మందితో జరిగిన ఫాక్స్‌ట్రాట్ పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ముందుగా ఆరు వారాలు కీమో తీసుకున్నవారిలో అతుకు లీకు లేదా లోపలి చీముగడ్డ 4.7 శాతం మందికి వచ్చింది. నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో అది 7.4 శాతం. అయితే ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోను ఇంకా ఆలస్యం చేస్తే మరింత క్షేమమా? కాదు. 2011లో వెలువడిన ఒక సమీక్షలో, ఆపరేషన్ తర్వాతి కీమో నాలుగు వారాలు ఆలస్యమైతే మరణపు ముప్పు దాదాపు 14 శాతం పెరిగినట్టు తేలింది.

బెవాసిజుమాబ్ అనే మరో క్యాన్సర్ మందు సంగతి వేరు. అది కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుంది, గాయం మానడానికి అవే కావాలి. అందుకే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కనీసం 28 రోజుల ఎడం పాటిస్తారు. పొగతాగడం, అదుపు తప్పిన షుగరు, పోషణ లోపం, స్టెరాయిడ్లు కూడా గాయాన్ని వెనక్కి లాగుతాయి. కీమో మీద పడే నిందలో వీటి వాటా ఎంతో అడిగేవారు తక్కువ.

కనుక శ్రోతలకు నా మనవి ఒక్కటే. భయంతో కీమో తేదీని మీకు మీరే వాయిదా వేసుకోకండి. ఆపరేషన్ చేసిన డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఇద్దరినీ అడిగి ఆ తేదీని ఖాయం చేసుకోండి. ఈలోగా జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.