ఒక పేరు రాద్దాం



సాయితేజ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అప్పటి చిత్తూరు జిల్లా, కురబలకోట మండలం బిడ్డ. మిలిట్రీలో చేరాడు. 2021 డిసెంబరు 8న తమిళనాడులో కూనూరు దగ్గర వాయుసేన హెలికాప్టరు కూలింది. అందులో ఉన్న సాయితేజ చనిపోయాడు. జిల్లా అంతా కన్నీళ్ళు పెట్టుకుంది.

ఈరోజు ఇంకొక పేరు చెప్తాను. సార్జెంట్ పిల్లా వెంకట నారాయణ రవి ప్రసాద్. మన తెలుగువాడే. వాయుసేనలో పనిచేశాడు. వాయుసేన అంటే ఆకాశం నుంచి పోరాడే సేన.

1999లో కార్గిల్ కొండల్లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. శత్రువులు కొండల మీద ఉన్నారు. మనవాళ్ళు కింద ఉన్నారు. మే 28న ప్రసాద్, పుండీర్, ముహిలన్, సాహు ఒకే హెలికాప్టరులో బయలుదేరారు. తోలోలింగ్ కొండ మీద ఉన్న శత్రువుల పైన రాకెట్లు వేశారు. అప్పుడే కింది నుంచి ఒక క్షిపణి వచ్చి తగిలింది. నలుగురూ ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత అలాంటి దాడులకు ఆ హెలికాప్టర్లను పంపడం ఆపేశారు. నలుగురికీ వాయుసేన పతకం ఇచ్చారు.

2019లో ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. అక్కడ రాళ్ళ మీద 25 వేలకు పైగా అమరుల పేర్లు చెక్కి ఉన్నాయి. రాసి పెట్టారు కాబట్టే పేర్లు నిలిచాయి.

మీ ఊళ్ళో మిలిట్రీకి పోయి తిరిగి రానివాళ్ళు ఉన్నారా? వాళ్ళ అమ్మ దగ్గర కూర్చోండి. బిడ్డ సంగతులు అడగండి. పేరు, ఊరు, తేదీ మీ నోటుబుక్కులో రాయండి. రాసింది ఆ తల్లికి చదివి వినిపించండి.

నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేయి మనది. ఈరోజు ఒక బిడ్డ పేరును నిలబెడుతుంది.