మన డోలి పాటకు హక్కుదారు ఎవరు?



ఇవాళ ఒక రాక్ బ్యాండ్ గురించి మాట్లాడతాను. పోడు గురించి మాట్లాడే చోట ఈ గిటార్ల గోల ఏంటనుకోకండి. చివరికి మన డోలి దగ్గరికే వస్తాను.

1992 నవంబరులో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నుంచి ‘రేజ్ అగైనెస్ట్ ద మెషీన్’ అనే బ్యాండ్ అదే పేరుతో తన మొదటి స్టూడియో ఆల్బమ్ తెచ్చింది. నలుగురే మనుషులు. గిటార్, బేస్, డ్రమ్స్, ఒక గొంతు. కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని ఆల్బమ్‌తో వచ్చే కాగితంలోనే అచ్చు వేశారు.

అందులో ఆఖరి పాట ‘ఫ్రీడమ్’. దాని వీడియోలో లియొనార్డ్ పెల్టియర్ అనే అక్కడి ఆదివాసీ ఉద్యమకారుడి కేసు చూపించారు. 1975లో పైన్ రిడ్జ్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. 1977లో ఆయనకు రెండు యావజ్జీవ శిక్షలు వేశారు. నేను చంపలేదనే ఆయన చెబుతూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో జైలు దాటారు, అదీ గృహ నిర్బంధంలోకే. పాట జైలు తలుపు తీయలేదు. కానీ ఆయన పేరే తెలియని కుర్రకారుకు ఆ కథ చేర్చింది.

ఇంకో సంగతి. వ్యవస్థ మీద అంతగా మండిపడిన ఆ ఆల్బమ్‌ను విడుదల చేసింది సోనీ వాళ్ళ ఎపిక్ కంపెనీ. పాట మనది, రికార్డు ఎవరిది? ఈ ప్రశ్న మనకూ ఉంది.

మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు డోలి కొడుతూ సమ్మక్క, సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో వెళ్ళిపోయారు. మన గట్టు, గోత్రాల చరిత్ర బడి పుస్తకంలో లేదు. డోలోళ్ళ నోట్లో ఉంది, వాళ్ళు విప్పే పడిగె బొమ్మల్లో ఉంది. ఒక్కో తాత పోతుంటే అంత చరిత్రా పోతోంది.

కాబట్టి రికార్డు చేయాలి. కానీ ఎట్లా? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు హక్కుదారు దాన్ని తీయించిన నిర్మాత. పాడిన మనిషికి వేరే హక్కు ఉంది, 50 ఏళ్ళు. ఆయన ఒప్పుకోకుండా రికార్డు చేయకూడదు. ఆ ఒప్పందం కాగితంలో ఏముందో వేలిముద్ర పడకముందే చదివి చెప్పాల్సింది ఎవరు? డిగ్రీ చదివిన మనమే.

నేననేది ఇది. మన మొదటి ఆల్బమ్ మనమే తీద్దాం. ప్రతి పాట మీద పాడినవాళ్ళ పేరు, ఊరు ఉండాలి. వచ్చే డబ్బులో వాళ్ళ వాటా ముందే రాసుకోవాలి. వేల్పుల దగ్గర పాడే పాట బయట వినిపించవచ్చో లేదో పెద్దలే చెప్పాలి. కోయ పాట కోయలోనే ఉండాలి. ఒక కాపీ ఊళ్ళోనే ఉండాలి.

గిటార్ కలుపుతారా, కలపండి. డోలి మాత్రం వెనక్కి పోకూడదు.

ఫోన్లు మన జేబుల్లోనే ఉన్నాయి. మీ ఊళ్ళో డోలి కొట్టే తాత ఎవరో ఈ వారమే కనుక్కోండి. పోయి ఆయన దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకున్నాకే ఫోను తీయండి.

జై ఆదివాసీ!