యూనిఫారం కుట్టుపనిలో కొలతల సమస్య

(హజీరాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను ఆహ్వానించినవారు వేతనాల గూర్చి గాని, పింఛను గూర్చి గాని మాట్లాడమని కోరలేదు. ఇంటివద్ద యూనిఫారాలు కుట్టుకొనే సోదరీమణులకు ఎదురవుతున్న చిక్కులను గూర్చి చెప్పమన్నారు. యూనియను కార్యకర్తకు కత్తెరతో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. మా తండ్రిగారు దర్జీ. డిగ్రీ పట్టా కంటె ముందు నా చేతికి వచ్చినది కొలత టేపు. ఆ పరిచయంతోను, ఇన్నేండ్లుగా ట్రాక్ గ్యాంగుల మధ్య, తపాలా కార్యాలయాల మధ్య తిరుగుతూ చూచిన దానితోను మాట్లాడుతున్నాను.

ముందుగా ఇది మన సంఘానికి సంబంధించిన విషయం ఎట్లయినదో చెప్పవలసి ఉన్నది. ఏడవ వేతన సంఘం సిఫారసుల మీద 2017 జులై 1 నుండి యూనిఫారం, ఉతుకుడు, బూట్లు వగైరా భత్యాలన్నీ కలిపి దుస్తుల భత్యం అనే ఒక్క పేరు క్రింద చేర్చారు. ట్రాక్‌మెన్, రన్నింగ్ స్టాఫ్, పోస్టుమెన్ మొదలైనవారికి అది సంవత్సరానికి 5,000 రూపాయలుగా నిర్ణయమైనది. కరువుభత్యం 50 శాతం పెరిగినప్పుడెల్లా ఈ భత్యం 25 శాతం పెరగవలెనని నియమం. డబ్బు నేరుగా చేతికి వచ్చుట మంచిదే. అయితే గుడ్డ కొనుట, కుట్టించుట, కుదరకపోయినచో విప్పించి మళ్ళీ కుట్టించుట అనే భారమంతా ఆ డబ్బుతోపాటే ఉద్యోగి ఇంటికి వచ్చినది. ఒక ప్యాంటు చెడినచో ఆ నష్టానికి ఏ కార్యాలయానికి అర్జీ పెట్టుకొనగలం? అందుచేత అనేక కుటుంబాలు కుట్టుమిషను కొని, కాగితపు నమూనాలు తెచ్చుకొని ఇంటనే కుట్టుకొనుచున్నవి. చిక్కు అక్కడనే మొదలగుచున్నది.

మనం కూర్చున్న ఈ హజీరా తపతి నది సముద్రంలో కలిసేచోట ఉన్నది. నేడు ఎరువులకు, ఉక్కుకు పేరుపడినది గాని, దీని ప్రక్కనున్న సువాలి రేవు వద్ద 1612లో ఇంగ్లీషువారు, పోర్చుగీసువారు ఓడలతో పోరాడినది సూరత్ వ్యాపారం కొరకే. ఆ వ్యాపారంలో గుడ్డది పెద్దపీట. ఇప్పటికీ లింబాయత్, ఉధనా ప్రాంతాల మరమగ్గాల మీద తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి సోదరులు అనేకులు పనిచేయుచున్నారు. వారి పిల్లల కొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడ నడుపుచున్నది. ఈ సభలో వారి ఇంటి ఆడపడుచులు ఉన్నారు. పడుగు ఏదో, పేక ఏదో వారికి నేను చెప్పనక్కరలేదు. కాని సూరత్ మగ్గాల మీద నడిచేది ఎక్కువగా చీరల గుడ్డ. చీరకు కొలత లేదు. తల్లి కట్టినది కూతురు కట్టవచ్చును. చొక్కా, ప్యాంటు అట్లు కాదు. గుడ్డను ముక్కలుగా కోసి మళ్ళీ మనిషి ఆకారానికి అతికించవలెను. కోసిన తరువాత తప్పు తెలిసినచో గుడ్డ తిరిగి రాదు.

1863లో అమెరికాలో ఎబెనెజర్ బట్టరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మకానికి తెచ్చినాడు. అంతకుముందు నమూనాలు ఒకే సైజులో దొరికేవి. చూచి పెంచుకొనుట, తగ్గించుకొనుట కుట్టేవారి నేర్పు. సైజులు వచ్చిన తరువాత పని సులభమైనది. దానితో ఒక భ్రమ కూడ వచ్చినది. ముప్పది ఎనిమిది అని వ్రాసి ఉన్న కాగితం ముప్పది ఎనిమిది అంగుళాల ఛాతీ గల ప్రతి మనిషికీ సరిపోవునని మనం నమ్ముచున్నాము. ఆ కాగితంలో ఉన్నది ఒక ఊహామానవుడు. అతని భుజాలు రెండూ సమానం, వీపు నిటారు, చేతులు ఎప్పుడూ క్రిందికే వ్రేలాడుచుండును. అట్టివాడు మన గ్యాంగులో ఒక్కడైనా ఉన్నాడా? కుట్టినది కుదరనప్పుడు "నా ఒళ్ళే వంకర" అని ఒక సోదరి నాతో అన్నది. ఒళ్ళు వంకర కాదమ్మా, కాగితం ఆమెను ఎరుగదు.

సైజును ఎన్నుకొనుటలోనే సగం పొరపాట్లు జరుగుచున్నవి. ట్రాక్ పనిలో చేరిన స్త్రీలకు పురుషుల చొక్కా నమూనా మీదనే కుట్టుచున్నారు. బొత్తాలు పట్టవలెనని ఛాతీ నిండు కొలతను బట్టి సైజు తీసుకొందురు. ఛాతీ సరిపోవును, భుజం మాత్రం చేతి మీదికి జారిపోవును, మెడ వదులగును, క్రింద తుంటి దగ్గర బిగియును. చంకల క్రిందుగా, ఛాతీకి పైభాగాన టేపు చుట్టి ఆ కొలతకు సైజు ఎన్నుకొనవలెను. మెడను, భుజాన్ని, చంక రౌండును సవరించుట కష్టం. ఛాతీ వద్ద, తుంటి వద్ద వెడల్పు చేర్చుట సులభం. కష్టమైనది ముందే సరిపోవునట్లు చూచుకొని, సులభమైనదానిని తరువాత సవరించుకొనవలెను. ఛాతీ వద్ద చేర్చేటప్పుడు ప్రక్క కుట్టును బయటికి జరిపి ఊరుకొనరాదు. ముందు భాగపు కాగితాన్ని ఛాతీ శిఖరం మీదుగా కోసి, కావలసినంత విడదీసి, మిగిలిన వదులును డార్టులోనికి తీసుకొనవలెను.

ఇక అన్నింటికంటె ఎక్కువ ఫిర్యాదు వచ్చేది చంక గూర్చి. సమ్మెట ఎత్తినా, డబ్బా పై అరలోనికి తపాలా సంచి విసిరినా చొక్కా మొత్తం నడుము నుండి పైకి లేచి వచ్చును, లేదా వీపు వద్ద పిగిలిపోవును. చంక టైటుగా ఉన్నదని తలచి దర్జీలు చంక రౌండును ఇంకా క్రిందికి కోయుదురు. ఇది వ్యాధిని పెంచే వైద్యం. చంక రౌండు ఎంత క్రిందికి దిగితే చేయి ఎత్తినప్పుడు చొక్కాను అంత లాగును. మీ చేతిని చొక్కాతో సహా పైకెత్తి అద్దంలో చూడుడు: చంక నుండి ప్రక్క కుట్టు అంతా చేతితో పాటు కదులును. చేయవలసినది దీనికి సరిగా విరుద్ధం. చంక రౌండును శరీరపు చంకకు దగ్గరగా పైకి తేవలెను; చేతి పైభాగపు గుండ్రాన్ని ఎత్తు తగ్గించి, దండ చేతి వద్ద వెడల్పు పెంచవలెను. అప్పుడు చేతి క్రింది కుట్టు పొడవగును, చేయి స్వేచ్ఛగా లేచును. చేయి దింపినప్పుడు చంక క్రింద కొన్ని ముడతలు కనిపించును. కనిపించనిండు. పెండ్లి కోటుకు అది లోపం, పని చొక్కాకు గుణం. ఇప్పటికే కోసి కుట్టిన చొక్కా అయినచో చంక క్రింద చదరపు ముక్క ఒకటి ఏటవాలుగా అతికించవలెను. మన పాత లాల్చీలకు పెద్దలు వేసినది ఆ ముక్కనే. వారు దానిని పుస్తకాలలో చదివి వేయలేదు.

వీపు కొలతను కూడ చేతులు ముందుకు చాచి, పలుగు పట్టినట్లు నిలబడి తీసుకొనవలెను. నిటారుగా నిలబడినప్పటి కొలతకు, ఈ కొలతకు గల తేడాను భుజాల వెనుక రెండు మడతలుగా దాచవచ్చును. చేతి పొడవును మోచేయి వంచి కొలవవలెను.

ముడతలను చదువుట ఒక విద్య. అడ్డంగా లాగినట్లున్న ముడతలు గుడ్డ చాలలేదని చెప్పును. నిలువుగా వ్రేలాడే మడతలు గుడ్డ ఎక్కువైనదని చెప్పును. ఏటవాలు ముడతలు మాత్రం ఒక చోటును వేలెత్తి చూపును. వాటి మొదలు ఎక్కడ ఉన్నదో అక్కడ రోగం. పోస్టుమన్ సోదరుల చొక్కాలో ఇది స్పష్టంగా కనబడును. ఏండ్ల తరబడి ఒకే భుజానికి సంచి తగిలించుకొన్నవారిలో కొందరికి ఆ భుజం ప్రక్క దానికంటె దిగి ఉండును. మెడ మొదలు నుండి చంక వైపుకు ఏటవాలు మడత ఒక్క ప్రక్కనే పడును. ప్రక్క కుట్టు బిగించినచో అది పోదు. ఆ భుజం చివరను మాత్రమే కాగితం మీద అరంగుళమో, ముప్పావో దించి, చంక రౌండును కూడ అంతే క్రిందికి జరుపవలెను. రౌండు చుట్టుకొలత మారరాదు. ఎడమ, కుడి భాగాలకు వేరువేరు కాగితాలు కోసుకొనుటకు బద్ధకించరాదు.

ప్యాంటు విషయం చెప్పవలెనంటే సైకిలు ఎక్కవలెను. కూర్చొన్నప్పుడు వెనుక నడుము క్రిందికి జారి, గజ్జల వద్ద కుట్టు పిగులును. వెంటనే తుంటి వద్ద వెడల్పు చేయుదురు. రెండు నెలలకు మళ్ళీ అక్కడనే పిగులును. లోపం వెడల్పులో లేదు, వెనుక పొడవులో ఉన్నది. వెనుక భాగపు కాగితాన్ని సీటు మధ్య నుండి ప్రక్క కుట్టు వరకు అడ్డంగా కోసి, ప్రక్క కుట్టు వద్ద తెగనీయక, మధ్యలో ఒక అంగుళం తెరువవలెను. గజ్జల నుండి తొడ మీదికి కిరణాల వలె ముడతలు పడినచో తొడ లోపలి మొనను పొడిగించవలెను. కుర్చీలో కూర్చొని, నడుము నుండి కుర్చీ బల్ల వరకు ప్రక్కగా కొలిచి, ఆ ఎత్తును నమూనాలో సరిచూచుకొనుట మరువరాదు.

ఇవన్నీ అసలు గుడ్డ మీద చేయవలసినవి కావు. ముందు పనికిరాని గుడ్డతో ఒక నకలు కుట్టవలెను. అతుకుల వద్ద ఒక్కొక్క అంగుళం లోపల వదలి, పెద్ద కచ్చాకుట్టు వేసి, తొడిగి, చేతులెత్తి, గొంతుకూర్చొని, నడిచి చూడవలెను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను; మూడు మార్పులు కలిపి చేసినచో ఏది పనిచేసినదో తెలియదు. సూరత్‌లో రంగు వేయని గ్రే గుడ్డ చౌకగా దొరకునని కొందరు దానిని వాడుచున్నారు. చీరకు నేసిన పలుచని గుడ్డతో చేసిన నకలు ఖాకీ డ్రిల్లును గూర్చి ఏమీ చెప్పదు. ఒళ్ళంతా జారి ఎక్కడ చూచినా బాగున్నట్లే కనబడును. పాత దుప్పటి, పాత ఖాకీ మేలు. సరిపోయిన నకలును విప్పి కాగితం మీద గీసుకొన్నచో ఆ మనిషి ఒళ్ళు మారనంత కాలం ఆ కాగితం ఉపయోగపడును.

కుట్టుటలో వచ్చే చిక్కులు అన్నీ చెప్పుటకు వేళ చాలదు. పడుగును నమూనా మీది గీతకు సమాంతరంగా పరచకపోయినచో ప్యాంటు కాలు ఉతికిన తరువాత మెలితిరుగును; ఇది నేతవారి బిడ్డలు చేయకూడని తప్పు. చేతిని అతికించునప్పుడు పైన కుచ్చులు పడుచున్నవని అడిగారు. నమూనాలలో చేతి గుండ్రం చంక రౌండుకంటె ఒక అంగుళమో, ఇంకా ఎక్కువో పెద్దగా ఉండును. ఉన్ని గుడ్డ ఇస్త్రీ ఆవిరికి ఆ అదనాన్ని మ్రింగును, పాలియెస్టరు మ్రింగదు. పని చొక్కాకు రెండింటినీ దాదాపు సమానం చేయుడు. మందపు ఖాకీకి 16వ నంబరు సూది వాడుడు. అతుకు అంచును లోపలికి మడిచి రెండు వరుసల కుట్టు వేయుడు.

గుడ్డను గూర్చి ఒక హెచ్చరిక చేయక తప్పదు. ముడత పడదు, త్వరగా ఆరును అని పాలియెస్టరు వైపు మొగ్గుచున్నారు. ఉత్తరాలు పంచేవారికి సరే. పట్టాలు అతికే థర్మిట్ వెల్డింగు వద్ద, కొలిమి వద్ద నిలబడేవారికి అది కూడదు. పాలియెస్టరు 250, 260 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి చర్మానికి అతుక్కొనును. నూలు గుడ్డ కాలదని కాదు, కాని కరిగి ఒంటిని పట్టుకొనదు. అట్లే పట్టాల ప్రక్కన పనిచేసేవారి చొక్కా చివరలు, చేతి పట్టీలు గాలికి ఎగిరేటంత వదులుగా ఉండరాదు. సౌకర్యానికి కావలసిన వదులు చంక వద్ద, వీపు వద్ద, సీటు వద్ద ఉండవలెను. అంచుల వద్ద కాదు.

చివరగా కూలి మాట. మీలో కొందరు ఇరుగుపొరుగు ఉద్యోగులకు కూడ కుట్టిపెట్టుచున్నారు. సూరత్‌లో చీరలకు అంచులు, రాళ్ళు కుట్టే పనిని ఇంటికి తెచ్చుకొనే స్త్రీలకు ముక్కకు ఇంత అని ఇత్తురు. విప్పి సరిచేసిన గంటలకు లెక్క లేదు. ఇంటివద్ద పనిచేసేవారిని గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందాన్ని చేసినది. భారత ప్రభుత్వం దానిని ఇంకను ఆమోదించలేదు. అది ఆమోదం పొందువరకు మనవారు మనవారికైనా న్యాయం చేయవచ్చును గదా! కొలత, నకలు, సవరణ, ఈ మూడింటికీ కుట్టుకూలితోపాటు వేరే ధర ముందుగా మాట్లాడుకొనుడు. కుట్టించుకొనే సోదరులు బేరమాడరాదని నా విన్నపం. మన ఓవర్‌టైము లెక్కలో అరగంట తగ్గితే మనం ఎన్ని వినతిపత్రాలు వ్రాయుదుమో మనకు తెలియును.

రేపు ఉదయం కత్తిరింపు నేర్చుకొనుటకు వచ్చువారు నూలు ఖాకీ తెచ్చినచో దానిని ఈ రాత్రే నీళ్ళలో నానబెట్టి, పిండకుండ ఆరవేయుడు. కుంచించుకొనవలసినది కత్తెర పడకముందే కుంచించుకొనును. పాత దుప్పటి ఒకటి, టేపు, పెన్సిలు తెచ్చుకొనుడు. ఇంట్లో యూనిఫారం తొడుగుకొనే మనిషిని కూడ వెంటబెట్టుకొని రండు. ఆయన లేకుండా కొలత తీయుటకు వీలులేదు.