చిరిగిన స్పీకరు, తిరిగే కొమ్ము, మన బడి స్పూలు టేపు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బడి జ్ఞాపకాలు అందరూ చెబుతున్నారు, మీరు ముప్పై రెండేళ్లు రేడియోలో మైకులతో, టేపులతో గడిపారు కదా, దాని గురించి ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. కానీ నాకు టేపు పిచ్చి పట్టిందే ఈ బడిలో. కాబట్టి తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, ఏమీ అనుకోవద్దు.

నేను ఎనిమిదిలో ఉండగా విశాఖ పోర్టులో పనిచేసే మా చిన్న మామయ్య ఒక చిన్న రికార్డు తెచ్చాడు. రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు కుర్రాళ్లు 1965లో పాడిన ‘శాటిస్‌ఫాక్షన్’. ముల్లు పెట్టగానే గిటారు బర్రుమంది, గాజు సీసాలో తుమ్మెద దూరినట్టు. మా నాన్న "స్పీకరు చిరిగిందిరా" అని లేచి చూశారు. స్పీకరు బాగానే ఉంది. ఆ మోత వాళ్లు కావాలని పెట్టుకున్నదే.

దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. అమెరికాలో, నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ అని ఒక కంట్రీ పాట పాడుతుంటే మిక్సింగ్ బల్లలో ఒక భాగం చెడిపోయింది. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బాస్ గిటారు గరగరమంది. పారేయవలసిన శబ్దం. పారేయలేదు, పాటలో ఉంచేశారు, పాట బాగా ఆడింది. తర్వాత ఆ చెడిన శబ్దాన్నే కాలితో నొక్కే చిన్న పెట్టెలో పెట్టి మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో 1962లో అమ్మారు. స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ వాడింది అదే. నిజానికి అతను అక్కడ బాకాలు పెడదామనుకుని, గుర్తుగా మాత్రమే గిటారుతో వాయించి ఉంచాడు. ఆ గుర్తే లోకమంతా మోగింది.

మా నాన్న మాట కూడా మరీ తప్పు కాదు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ అనే కుర్రాడు తన చిన్న యాంప్లిఫయరులోని స్పీకరు కాగితాన్ని నిజంగానే బ్లేడుతో కోశాడు. ‘యూ రియల్లీ గాట్ మీ’లో మీరు వినేది ఆ కోసిన కాగితమే.

ఇక మన సైన్సు మాస్టారి దగ్గరికి వస్తాను. డాప్లర్ ఫలితం చెప్పడానికి ఆయన మమ్మల్ని బడి వెనక రైలు గేటు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టేవారు. బండి దగ్గరికి వచ్చేటప్పుడు కూత హెచ్చు శ్రుతిలో, దాటిపోగానే దిగిపోయి వినబడేది. ముప్పై మందిమి "ఊ...ఊఁ" అని కూతను అనుకరిస్తూ తిరిగి వచ్చేవాళ్లం. ఆ రోజు హెడ్‌మాస్టరు గారి చేత తిట్లు తిన్నది మేము కాదు, మాస్టారే.

అదే పాఠం మీద ఒక పెద్ద చెక్క పెట్టె నడుస్తుంది. పేరు లెస్లీ. హామండ్ ఆర్గన్‌కు జోడీగా డాన్ లెస్లీ అనే ఆయన చేశాడు. లోపల కొమ్ములాంటి గొట్టం గిరగిర తిరుగుతుంటుంది. కొమ్ము మీవైపు వచ్చేటప్పుడు స్వరం పైకి, అటు తిరిగినప్పుడు కిందికి. రైలు గేటునే పెట్టెలో పెట్టి తిప్పినట్టు. 1966 ఏప్రిల్‌లో లండన్ అబే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ ‘టుమారో నెవర్ నోస్’ రికార్డు చేస్తున్నారు. దూరాన కొండ శిఖరం మీద నుంచి దలైలామా పాడినట్టు తన గొంతు ఉండాలని జాన్ లెనన్ కోరిక. తాడు కట్టి వేలాడదీసి మైకు చుట్టూ తిప్పమని కూడా అడిగాడట. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. మనిషిని తిప్పడమెందుకని గొంతును లెస్లీలోకి పంపాడు.

ఆ పాట వెనకాల ఆగకుండా మోగేది మన తంబుర. పాట దాదాపు మొత్తం ఒకే శ్రుతి మీద నడుస్తుంది. దాని పైన ఐదు టేపు ముక్కలు చివరలు అతికించి చక్రాల్లా తిరుగుతుంటాయి. ఒక్కో చక్రానికి ఒక్కో టేపు మిషను. టేపు వదులు కాకుండా మనుషులు పెన్సిళ్లతో బిగించి పట్టుకుని నిలబడ్డారు. మేము రేడియోలో నాటకాలకు వాన చప్పుడు అలాగే తిప్పేవాళ్లం. పెన్సిలు పట్టుకుని నిలబడ్డ వాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెబుతున్నాను, రెండు నిమిషాలకు చెయ్యి పీకుతుంది.

ఆ రోజుల్లో మన వాద్యాల మీద వాళ్లకు మోజు ఎక్కువే. జార్జ్ హారిసన్ 1965లో ‘నార్వేజియన్ వుడ్’లో సితార్ మీటాడు. మీటిన క్షణంలో మీటరు సూది ఎగిరిపడి, వెంటనే పడిపోతుంది. అక్కడి ఇంజనీరుకు అదే తలనొప్పి. వీణ రికార్డు చేసిన ఎవరినడిగినా అదే చెబుతారు. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోకు వచ్చి మన కళాకారులతో ‘ది ఇన్నర్ లైట్’ వాద్యాలు రికార్డు చేసుకుని వెళ్లాడు. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’లో జలజల జారే స్వరమండలం.

ఆ పాట మొదట్లో పిల్లనగ్రోవుల్లా వినబడేవి పిల్లనగ్రోవులు కావు, మెలట్రాన్. చూడటానికి హార్మోనియంలా మెట్లుంటాయి. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. నొక్కితే ఆ స్వరం ఎనిమిది సెకన్ల దాకా పలుకుతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా పలకదు. వదిలితే స్ప్రింగు టేపును వెనక్కి లాగుతుంది. ఇదే పాటను రెండు రకాలుగా, రెండు శ్రుతుల్లో, రెండు వేగాల్లో రికార్డు చేశారు. లెనన్ ఒకదాని మొదలు, రెండోదాని చివర కావాలన్నాడు. శ్రుతి కలవదు, లయ కలవదు. కానీ టేపు వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగుతుంది. అదృష్టం కొద్దీ, రెండోదాన్ని నెమ్మది చేస్తే రెండూ కలిశాయి. నిర్మాత జార్జ్ మార్టిన్, ఎమెరిక్ కలిసి కోసి అతికించారు. అతుకు దాదాపు నిమిషం దగ్గర ఉంది. ఒకసారి తెలిశాక వినబడకుండా ఉండదు. తెలియకపోతేనే సుఖం.

ఇదంతా నాలుగు ట్రాకుల టేపు మీద చేశారు. ట్రాకు అంటే టేపు వెడల్పులో ఒక గీత అనుకోండి. నాలుగు గీతలూ నిండితే వాటిని కలిపి మరో టేపులో ఒక గీతకు ఎక్కించేవారు, అప్పుడు మూడు ఖాళీ. కానీ కలిపింది మళ్లీ విడిపోదు. డోలు ఎక్కువైతే ఎక్కువైనట్టే. ‘సార్జంట్ పెప్పర్’ అంతా అలా కట్టిందే. ఎక్కించిన ప్రతిసారీ టేపు బుస కొంచెం పెరుగుతుంది.

టేపు బుస అన్నాను కాబట్టి, ఇప్పుడు యాభై ఏళ్లుగా దాచిన సంగతి ఒకటి చెబుతాను. 1973 వార్షికోత్సవంలో మన సంగీతం మాస్టారు హార్మోనియం పెట్టుకుని పాడిన ప్రార్థనను బడి స్పూలు రికార్డరులో పట్టారు. సైన్సు క్లబ్బు తరఫున ఆ మిషను తాళం నా దగ్గర ఉండేది. ఒక రాత్రి రేడియో సిలోన్‌లో వచ్చే ఇంగ్లీషు పాటలు పట్టుకోవాలని చేతికి దొరికిన స్పూలు ఎక్కించాను. తెల్లారి వింటే మాస్టారి గొంతు లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. "టేపు ఏదిరా" అని ఆయన రెండుసార్లు అడిగారు. కనబడటం లేదండీ అన్నాను. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. వారి అమ్మాయి గారు ఇక్కడే ఉన్నారు. అమ్మా, తప్పు నాది.

పోయిన వేసవిలో ప్రయోగశాల బీరువా ఖాళీ చేస్తుంటే ఆ స్పూలు దొరికిందని కార్యదర్శి గారు నాకు పంపారు. పెళుసెక్కి నాలుగు చోట్ల తెగింది. అతికించాను. మన బడి మిషను టేపు వెడల్పులో సగం మీదే రాసేది. స్పూలు తిరగేసి పెడితే రెండో సగం. నేను చెరిపింది ఒక సగమే అని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. ముప్పై రెండేళ్లు అదే ఉద్యోగం చేసి కూడా తట్టలేదు. రెండో సగంలో ప్రార్థన లేదు. అంతకుముందు రోజు రిహార్సల్ ఉంది, నాలుగు నిమిషాలు. మాస్టారు హార్మోనియం శ్రుతి చూసుకుంటూ పిల్లల్ని కసురుకుంటారు, ఎవరో దగ్గుతారు, తర్వాత ఒక్క చరణం పాడతారు. ఆ దగ్గిన వాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు.

‘ఎ డే ఇన్ ది లైఫ్’ చివర మూడు పియానోల మీద ఒకేసారి కొట్టిన స్వరం నలభై సెకన్లకు పైగా మోగుతుంది. అది సన్నగిల్లే కొద్దీ ఎమెరిక్ మీటలు పైకి తోస్తూ పోయాడు. చివరికి స్టూడియోలో కుర్చీ కిర్రుమనడం కూడా టేపులో పడింది. నేనూ అలాగే చివరిదాకా పెంచాను. అందుకని బుస ఎక్కువగా ఉంటుంది.

బాబూ, ఆ ఫ్యాన్లు ఒక్క నాలుగు నిమిషాలు ఆపండి.